ఊరికే, మీ హారతితో

“మా ఆవిడా? ఏమీ లేదండీ, ఊరికే ఇంట్లోనే ఉంటుంది.”

వరండాలో కూర్చున్న సర్వే మేష్టారితో మా ఆయన ఈ మాట అన్నప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. పెనం మీద పెసరట్టు ఉంది. రెండో పొయ్యి మీద అత్తయ్య స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి, సోలార్ నీళ్ళు ఆవిడ ఒంటికి పడవు. పక్కన మా అమ్మాయి బిందుశ్రీ సగం అల్లిన జడతో నిలబడి సైన్సు పాఠం గొణుక్కుంటోంది. దాని రిబ్బను నా పళ్ళ మధ్య ఉంది. అందుకని నేనేమీ అనలేకపోయాను. రిబ్బను లేకపోయినా ఏమైనా అనేదాన్నో లేదో నాకు సరిగ్గా తెలీదు. మేష్టారు ఫోనులో ఏదో నొక్కుకుని, వంటింటి వైపు మెడ చాచి, “మేడం, ఒందు కప్ టీ సిగ్తదా?” అని అడిగాడు. టీ ఇచ్చాను. బాగుందన్నాడు.

కోపం వచ్చిందా అంటే రాలేదు. రావాలి కదా అనిపించింది, అంతే. వచ్చిన కోపాన్ని ఏం చేసుకోవాలో ఆడవాళ్ళకి తెలుసు, గిన్నెల మీద చూపిస్తాం. రావలసిన కోపం రాకపోతే ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. ఎందుకు రాలేదంటే, ఆ మాట నేనూ అంటాను. దేశనూరు నుంచి మా అమ్మ యశోదమ్మ ఫోను చేసి, “ఏం చేస్తాండావు మా?” అని అడిగితే, ఒక చేత్తో చింతపండు పిసుకుతూ, “ఏం లేదు మా, ఊరికే ఉండా” అంటాను. అమ్మ కూడా అటువైపు చేటలో బియ్యం చెరుగుతూ, “నేనూ ఊరికే ఉండాను” అంటుంది. మరి మేమిద్దరం అనుకునే మాట మా ఆయన అంటే ఎందుకు గుచ్చుకుంది? పైగా నేను రేడియోలో పని చేస్తున్నాను. ఆ సంగతి ఆయనకి గుర్తు లేక కాదు, అది పని అని ఆయన అనుకోడు. అది పనేనా అని అప్పుడప్పుడు నాకూ అనుమానమే.

సిరుగుప్ప బస్టాండు వెనక వీధిలో, ఎరువుల కొట్టు పైన రెండు గదుల్లో ఉంటుంది మా రేడియో. చుట్టుపక్కల పల్లెలు దాటితే వినపడదు. కాలవలోకి నీళ్ళు ఎప్పుడు వదులుతారు, వడ్ల ధర ఎంత పలికింది, ఎవరి బర్రె తప్పిపోయింది, ఏ ఊళ్ళో జాతర, ఇవే దాని కబుర్లు. దాన్ని నడిపే శివన్నది హావేరి వైపు. నెమ్మదైన మనిషి, తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నాడు. కన్నడ దేశమే అయినా ఈ తాలూకాలో సగం ఇళ్ళలో తెలుగే కాబట్టి తెలుగు గొంతు ఒకటి కావాలని ఆయన మా రైసు మిల్లుకి వచ్చి మా ఆయన్ని అడిగాడు. నన్ను కాదు. “మా ఆవిడ డిగ్రీ చదివింది, ఊరికే ఉంది, పంపిస్తాలెండి” అన్నాడట మా తిరుమలేష్ గారు. అలా పంపించబడ్డాను. మధ్యాహ్నం రెండింటికి అరగంట కార్యక్రమం. ఇల్లంతా తిని నడుం వాల్చే వేళ, నేను లేకపోయినా ఎవరికీ తెలీని వేళ. జీతం లేదు. “ఈ రోజుల్లో ఎవడు పంపిస్తాడు పెళ్ళాన్ని రేడియోకి?” అని ఆయన నవ్వుతూ అంటుంటాడు. నిజమే, ఎవరు పంపిస్తారు? నేను సంతోషించాలా, పంపించడమేమిటి నేనేమన్నా పార్సిలునా అని అడగాలా, అది ఈ రోజుకీ తేల్చుకోలేదు.

తేల్చుకోలేనివి ఇంకా ఉన్నాయి. నా నాలుక ఒకటి. మా పుట్టింటివాళ్ళు తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళే. యాడ, ఈడ, ఏంది, ఉండాది, ఇదీ మా మాట. అత్తవారు క్యాంపు వాళ్ళు. కాలవ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్ళ పల్లెల్ని ఇక్కడ క్యాంపులంటారు. ముందుగా వచ్చి గుడిసె వేసిన పెద్దమనిషి పేరే క్యాంపుకి పేరు. మాది శివరామకృష్ణయ్య క్యాంపు. ఆ శివరామకృష్ణయ్య గారు మా మామగారు. నేను కాపరానికి వచ్చేసరికే గోడ మీద ఫొటోలో ఉన్నారు. కొత్త కోడలిగా మొదటిరోజు, “చెంబు యాడుందత్తయ్యా?” అని అడిగాను. అత్తయ్య నాంచారమ్మ చెంబు చూపించలేదు. “యాడ ఏంటే, లారీ క్లీనరులాగా? ఎక్కడ అను” అంది. నేను ‘ఎక్కడ’ అన్నాక చెంబు దొరికింది. ఆ తరవాత ఇన్నేళ్ళలో అత్తింట్లో ఒక నాలుక, అమ్మ ఫోనులో ఒక నాలుక, కూరగాయల దగ్గర కన్నడం. రేడియోలో మొదటిరోజు మైకు చూసి భయపడి, ఏ నాలుక పెట్టుకోవాలో మరిచిపోయి, “మీరు యాడున్నా ఈ మాటలు ఇంటాండారని...” అనేశాను. వెంటనే ఫోను మోగింది. మా దేశనూరు గొర్రెల నారప. “ఇన్నాళ్ళకి రేడియోలో మన మాట ఇనపడె గదమ్మా” అని ముసలాయన మురిసిపోయాడు. ఇంటికొస్తే అత్తయ్య మొహం మాడ్చుకుని కూర్చుంది. “పరువు తీశావు” అంది. ఇద్దరూ విన్నది ఆ ఒక్క మాటే.

నా కార్యక్రమంలో నేను చేసేదల్లా ఫోను పట్టుకుని ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడించడం. మీ పేరేంటి, మీదే ఊరు, మీరు ఏం పని చేస్తారు, అలా మొదలు. మొదటి రెండిటికీ రకరకాల జవాబులొచ్చేవి. మూడో దానికి మాత్రం ఎవరిని అడిగినా ఒకటే మాట. దేశనూరు మడిలో మోకాలి దాకా బురదలో వంగి నాట్లు వేస్తున్న నాగక్కని అడిగితే, నడుం ఎత్తకుండానే, “నేనేం పని చేస్తా మా, ఊరికే ఉండా. సేద్యమంతా మా ఆయప్పే” అంది. ఆ ఆయప్ప అప్పుడు గట్టు మీద కూర్చుని నా చేతిలో ఫోను ఖరీదు అడుగుతున్నాడు. బియ్యం చెరిగే ఆవిడొకరు కూడా ‘ఊరికే’ అంది గాని, చేట చప్పుడుకి ఆ మాట సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పించాను. చెరగడం ఆపి మళ్ళీ చెప్పింది, ఊరికే అని. నాకూ ఏమీ అనిపించలేదు. తెలుగువాళ్ళకి అందులో వింతేముంది?

వింత శివన్నకి అనిపించింది. ఆయన హెడ్‌ఫోను పెట్టుకుని నా రికార్డింగులన్నీ వినేవాడు. ఒకరోజు, “మేడం, ఈ కార్యక్రమం పొద్దున్న ఆరున్నరకి వేద్దాం, ప్రతిరోజూ, లైవ్. ఆ టైముకే ఆడవాళ్ళు వంటింట్లో రేడియో పెట్టుకుంటారు. ఈసారి జీతం కూడా ఉంటుంది” అన్నాడు. ఆరున్నర అంటే మా ఇంట్లో పెనం, నీళ్ళు, జడ, మిల్లుకి క్యారియరు. నేను “చూస్తాను సార్” అన్నాను. అది కాదనడం చేతకాని మనిషి అనే మాట. ఆయన అది ఒప్పుకోవడం అనుకున్నాడు. ఆ వారం మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది, నేను పిండివంటల్లో పడి స్టేషను వైపు పోలేదు. శుక్రవారం బడి నుంచి వచ్చిన బిందుశ్రీ చెప్పులు కూడా విప్పకుండా, “అమ్మా, నీ ఫొటో బస్టాండులో ఉంది. అందరూ నవ్వుతున్నారు” అంది.

వెళ్ళి చూశాను. నా ఫొటో బాగానే ఉంది. పక్కన పెద్ద తెలుగు అక్షరాల్లో, ‘ఊరికే’. కింద చిన్న అక్షరాల్లో, ‘మీ హారతితో’. సోమవారం నుంచి ప్రతి ఉదయం ఆరున్నరకి. అడుగున కన్నడంలో ఒక వరుస, ఊరి కోసం పాటుపడే మహిళల కార్యక్రమం అని. ఆ వరుస చదివేదెవరు? మా క్యాంపుల మగవాళ్ళు పెద్ద అక్షరాలు చదువుకున్నారు. ఊరికే అంటే పనీపాటా లేకపోవడం ఒక్కటే కాదు, ఉచితంగా అని కూడా కదా. పాన్ డబ్బా దగ్గర ఎవరో ఆ మాట దీర్ఘం తీసి చదివి నవ్వారు. నేను చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని ఆటో ఎక్కాను. సిగ్గుపడాల్సింది నేనేనా అని ఆటోలో కూర్చున్నాక అనుమానం వచ్చింది, అప్పటికే సిగ్గుపడటం అయిపోయింది.

మా ఆయన మిల్లు నుంచి తొందరగా వచ్చేశాడు. ఆయన అరిచే మనిషి కాదు. చెప్పులు ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టి మరీ లోపలికొచ్చాడు, దాన్ని బట్టే తెలిసింది. 

“లోడు దగ్గర బళ్ళారి వ్యాపారి ఏమన్నాడో తెలుసా? ‘ఏమప్పా తిరుమలేశా, మీ హారతి ఊరికేనంట గదా’ అన్నాడు. హమాలీల ముందు. నేనేం చెప్పాలి?”

“నేను పెట్టలేదండీ ఆ పేరు. నాకసలు తెలీదు.”

“తెలీకుండా నీ ఫొటో ఎలా వచ్చింది? నిన్నెవరు అన్నారు, అన్నది నన్ను. పోనీలే పాపం, ఊరికే ఉంటుంది, కాలక్షేపం అవుతుందని పంపిస్తే ఇదా?”

ఆయన ఊరికే అంటే తప్పు లేదు, బస్టాండులో రాస్తే తప్పు. నాకు ఆ తేడా ఎక్కడ మొదలవుతుందో అడగాలనిపించింది. అడిగితే ఎదురు మాట్లాడినట్టు. పైగా ఆ వ్యాపారి మాట తలుచుకుంటే నాకూ ఒళ్ళు జలదరించింది, మా ఆయన మీద జాలి కూడా వేసింది. అంత అవమానం జరిగింది నాకైతే, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది కూడా నేనే. 

నీళ్ళు తాగి ఆయన తీర్పు చెప్పాడు. “సోమవారం లోపల ఆ పేరు తీయించు. పొద్దున్నపూట నాకు కుదరదని చెప్పు. మళ్ళీ మధ్యాహ్నానికి మార్చుకుని ‘వనితా వినోదం’ అనో ఏదో ఒకటి పెట్టుకో. నేనేమన్నా మానెయ్యమన్నానా?” 

లేదు, మానెయ్యమనలేదు. అందుకే ఎటూ తేలదు ఆయనతో.

శనివారం స్టేషనుకి వెళ్ళి శివన్న ముందు కూర్చున్నాను. ఆయన మొహం వెలిగిపోతోంది. “పోస్టరు నోడిదిరా మేడం? ఎష్టు చెన్నాగిదె!” అన్నాడు, చూశారా ఎంత బాగుందో అని. అందరు ఆడవాళ్ళూ అదే చెప్పారు కదా, ‘ఊరిగె’ అని, మేం ఊరి కోసం ఉన్నామని, ఇంతమంది ఒకే మాట చెప్తే ఇంతకన్నా మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. కన్నడంలో ఊరిగె అంటే ఊరికి. ఆయన మా ‘ఊరికే’ని అలా విన్నాడు, అన్ని రికార్డింగుల్లోనూ. నాకు నవ్వొచ్చింది. ఊరికే అంటే ఊరికి అని కాదు సార్, మీ భాషలో ‘సుమ్నె’ అని చెప్పాను. 

“సుమ్నె?” 

ఆయన హెడ్‌ఫోను బల్ల మీద పెట్టేశాడు. తరవాత నిజంగా అర్థంకాక అడిగాడు. “ఆ నాగక్క బురదలో ఉంది కదా మేడం. నీళ్ళ చప్పుడు నేను విన్నాను. మరి సుమ్నె ఉన్నానని ఎందుకు చెప్పింది? ఎల్లారూ సుళ్ళు యాకె హేళిదరు?” 

అందరూ అబద్ధం ఎందుకు చెప్పారు అని. అది అబద్ధం కాదు సార్, మేం అలాగే అంటాం అన్నాను. అలా అంటే ఆయనకి ఏమర్థమవుతుంది? నాకే అర్థం కాలేదు.

“తప్పాయ్తు మేడం. పేరు మారుస్తాను. టైము కూడా మీ ఇష్టం. రేపు సాయంత్రం లోపల ఒక మెసేజు పెట్టండి చాలు” అన్నాడు. ఇంత సులువుగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఎవరైనా ఒకరు గట్టిగా కాదంటే వాళ్ళ మీద పెట్టి ఊరుకోవచ్చు. ఇప్పుడు అంతా నా మీదే పడింది. ఆటోలో వస్తూ రకరకాల పేర్లు అనుకుని చూశాను. వనితా వినోదం. గృహలక్ష్మి గళం. ఏదనుకున్నా నా నోటికి రాలేదు, పేరంటంలో పక్కింటావిడ పట్టుచీర అరువు తెచ్చి కట్టుకున్నట్టుగా ఉంది. అలాగని ‘ఊరికే’ ఉంచితే ఆ పాన్ డబ్బా. అమ్మకి ఫోను చేశాను. “ఏందోమ్మా, నాకేం తెలుస్తాది. మొగుడు వద్దంటే వద్దనే అనుకో. కానీ పొద్దున్నే నీ గొంతు ఇనొచ్చని నేను సెల్లు తెప్పిచ్చి రేడియోలో ఏసుకోనుండా” అంది. అమ్మ కూడా రెండు వైపులా చెప్పి పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆడపడుచు వెళ్ళిపోయింది. మా ఆయన పడుకున్నాడు. అత్తయ్య మంచం మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నేను పక్కన బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి, “ఆ కాగితం మీద ఊరికి అని రాశారంటగా? ఎవరన్నా ఊరెళ్తున్నారా?” అని అడిగింది. క్యాంపుల్లో ముసలివాళ్ళకి ఊరంటే ఇది కాదు. ఊరంటే కోస్తాలో వదిలి వచ్చింది. ఇది ఎన్నేళ్ళున్నా క్యాంపే. అత్తయ్య ఊరు దివిసీమలో, సముద్రానికి కూతవేటు. ఉప్పెనలో పుట్టిల్లు కొట్టుకుపోయింది, చెప్పుకోవడానికి అక్కడ గోడ కూడా లేదు. అయినా పండక్కి ఎవరు బస్సెక్కినా, “ఊరికేనా?” అని ఆశగా అడుగుతుంది. కాదత్తయ్యా, ఊరికే అని, ఉత్తినే అని, అన్నాను. “ఓహో” అని వత్తి నలిపింది. 

నాకేం తోచిందో, ఫోను తీసి రికార్డింగు నొక్కి మంచం మీద పెట్టాను. “మీ పేరు చెప్పండి అత్తయ్యా, సరదాగా.”

“నా పేరెందుకే? నాంచారమ్మ.”

“మీరుండేది ఏ ఊరు?”

ఆవిడ నోరు తెరిచి, మూసింది. ఫొటో వైపు చూసింది. అప్పుడు తట్టింది నాకు. మొగుడి పేరు పలకదు మా అత్తయ్య. ఆయన పోయి ఇన్నేళ్ళయినా పలకదు. మరి ఈ పల్లెకి ఆయన పేరే. పదిహేడేళ్ళుగా ఈ ఇంట్లో ఉండి నేను ఎప్పుడూ గమనించలేదు. ఆవిడ ఎవరికి చెప్పినా ‘మన క్యాంపు’, ‘మిల్లు కాడ’, ‘రెండో తూము పక్కన’ అనేది. తానుండే చోటు పేరు ఆవిడ ఒక్కసారి కూడా నోటితో అని ఎరగదు.

“మరి బస్సులో ఎలా అడిగేవాళ్ళు అత్తయ్యా టిక్కెట్టు?”

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. వత్తుల పళ్ళెం పక్కన పెట్టేసింది. “అదడక్కు. కొత్తలో ఒకసారి, మీ ఆయనకంటే పెద్దవాడు పుట్టి పోయాడే, వాడికి జొరం. మీ మామగారు పొలంలో ఉన్నారు. నేనే వాణ్ణి ఎత్తుకుని సిరుగుప్ప డాక్టరు దగ్గరికెళ్ళి తిరిగి బస్సెక్కా. కండక్టరు కన్నడంవాడు. ఎల్లిగమ్మా అంటాడు, ఎక్కడికని. క్యాంపు అన్నా. కాలవ పొడుగునా క్యాంపులేగా, యావ క్యాంపు అంటాడు. ఏం చెప్పను? శివుడయ్యా అన్నా. తరవాత రాముడు అన్నా. కృష్ణుడు కూడా అన్నా. మూడూ కలుపుకో నాయనా అని దణ్ణం పెట్టా. వాడు ఓహో అన్నాడు, చాలా మర్యాదగా తీసుకెళ్ళి దేవుడి గుడి దగ్గర దింపాడు!” 

నవ్వి నవ్వి ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి. నాకూ ఆగలేదు. లోపల మా ఆయన నిద్రలో కదిలితే ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాం. 

“మరి ఎలా వచ్చారు?”

“నడిచి. కాలవ గట్టు పట్టుకుని. అప్పుడు ఈ తారురోడ్డు ఎక్కడిది, అన్నీ ముళ్ళకంపలు. పిల్లాడి ఒళ్ళు పొయ్యిలా కాలిపోతోంది. కాలవలో కొంగు తడుపుకోవడం, వాడి నుదుటి మీద వెయ్యడం, నడవడం. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరా. పదిమంది కూలోళ్ళు అన్నానికి కూర్చునున్నారు. మీ మామగారు గుమ్మంలో నిలబడి...” 

ఆవిడ నవ్వు తగ్గింది. వత్తి చేతిలోకి తీసుకుంది. 

“ఏమన్నారు అత్తయ్యా?”

“ఏమంటారు? ‘ఎక్కడ ఊరికే తిరుగుతున్నావే’ అన్నారు.”

నేను మడతపెడుతున్న చొక్కా అలాగే ఒళ్ళో ఉండిపోయింది. “పేరు చెప్పలేకపోయానని చెప్పలేదా మీరు?” అని అడిగాను. చెప్తే నవ్వుతారనుకుందట, తరవాత వంట మొదలుపెట్టిందట, ఆ తరవాత పిల్లాడి జొరం పెరిగిందట. ఆ పిల్లాడు నిలవలేదు. అది ఆ రోజు ఎండ వల్లో కాదో ఆవిడకి తెలీదు, అడగడానికి ఎవరూ లేరు. ఇదంతా ఆవిడ ఎవరి మీదా నేరం మోపకుండా, వాన ఎప్పుడు పడిందో చెప్పినట్టుగా చెప్పింది. అయ్యాక నేను నా మామూలు మూడో ప్రశ్న అడిగాను. ఎందుకు అడిగానో తెలీదు, అలవాటు. ఆ రోజుల్లో మీరు ఏం పని చేసేవారు? 

“నేనా? నేనేం చేశానే. మగవాళ్ళు ముళ్ళు కొట్టారు, మడి చేశారు. నేను ఊరికే ఉన్నా.” 

అని, కాసేపటికి ఫోను వైపు అనుమానంగా చూసింది. “ఇది రేడియోలో వేస్తావా?” వెయ్యనత్తయ్యా అన్నాను. “వెయ్యకు. వేసినా పేరు చెప్పకు.” లేచి పడమటింట్లోకి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. “పోనీ పేరు చెప్పు. ఊరు చెప్పకు.”

నన్ను ‘యాడ’ అననివ్వని మనిషి ఈవిడే. పరువు తీశావన్నదీ ఈవిడే. ఆవిడ మీద ఇన్నేళ్ళు దాచుకున్న కోపం ఎక్కడ పెట్టాలో నాకు తెలీలేదు. అది ఇంకా ఉంది, పోలేదు. దాని పక్కనే ఎండలో పిల్లాణ్ణెత్తుకుని కాలవ గట్టు మీద నడుస్తున్న పదిహేడేళ్ళ పిల్ల వచ్చి కూర్చుంది. రెంటికీ చోటు చెయ్యడం నాకు కష్టంగా ఉంది. ఒకటి మాత్రం గట్టిగా అనిపించింది, దానికి నాకే భయం వేసింది. ఆవిణ్ణి పల్లె పేరు పలకనివ్వలేదు. నన్ను యాడ అననివ్వలేదు. ఇప్పుడు మా అందరి నోటా ఉన్న ఈ ఒక్క మాట, మా మీద మగవాళ్ళు వెయ్యి సార్లు అన్న మాట, గోడెక్కేసరికి పరువు తక్కువైంది, తీయించాలట. ఆ మాటకి నిజంగా అర్థమేమిటో శివన్న అడిగితే నేను చెప్పలేకపోయాను. శివన్న తప్పుగా విన్నాడా, లేక మేమే ఇన్నేళ్ళూ తప్పుగా చెబుతున్నామా?

సాయంత్రం మెసేజు పెట్టడానికి ఫోను తీశాను. ‘పేరు మార్చండి సార్’ అని రాసి తుడిపేశాను. ‘ఉండనీయండి’ అని రాసి అదీ తుడిపేశాను. ఇంతలో మా ఆయన కాఫీ అడిగాడు, “చెప్పావా ఆయనకి?” అని కూడా అడిగాడు. “చూస్తానండీ” అన్నాను. ఆయన తెలుగువాడు కాబట్టి ఆ మాటకి అర్థం సరిగ్గా తెలిసినట్టు తలూపి కాఫీ తాగాడు. శివన్న రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్తానో నాకు తెలీదు.

సోమవారం పొద్దున్న మామూలుగానే మెలకువ వచ్చింది. మామూలుగానే వాకిలి చిమ్మాను. బిందుశ్రీని లేపి రెండు జడలూ అల్లేశాను, అది నిద్రమత్తులో గోడకి ఆనుకునే అల్లించుకుంది. పెసరపిండి ఫ్రిజ్‌లోంచి తీసి గట్టు మీద పెట్టాను. పెనం పొయ్యి మీద పెట్టాను. పొయ్యి వెలిగించబోయి, చెయ్యి అక్కడే ఆగింది. లైటరు పెనం పక్కన కనపడేలా పెట్టి, వెళ్ళి చీర మార్చుకున్నాను. ఇది ధైర్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మైకు ముందు కూర్చుని ఏం మాట్లాడతానో, ఏ నాలుకతో మాట్లాడతానో కూడా అప్పటికి అనుకోలేదు. సంచీలో ఫోను ఉంది, ఫోనులో అత్తయ్య నవ్వు ఉంది. వెయ్యనా వద్దా అదీ తెలీదు.

హాల్లోంచి వస్తుంటే అత్తయ్య అప్పటికే లేచి, నీళ్ళు కాగాయా అని అడగకుండా, పాత రేడియో చెవి దగ్గర పెట్టుకుని ముల్లు తిప్పుతోంది. బరబరమని చప్పుడు. నా కోసమో, తన గొంతు వస్తుందేమోననో. నా వైపు చూడలేదు.

వరండాలో మా ఆయన నోట్లో బ్రష్షు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను, కట్టుకున్న చీరని, భుజాన సంచీని చూశాడు. బ్రష్షు తీశాడు. 

“ఎక్కడికి, ఇంత పొద్దున్నే?”

రేడియోకండీ, గంటలో వచ్చేస్తానండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పులు వేసుకున్నాను. గేటు గడియ తీశాను. ఆ మొదటిరోజు తరవాత ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరితోనూ అనని మాట వెనక్కి తిరగకుండానే అన్నాను.

“యాడికా? ఊరికే.”